తాటికమ్మలు

వాన మొదలైంది. గుడిసె చూరు కింద నిలబడి ఆమె పక్కనే నడుమెత్తు లేచిన తమ కొత్త ఇంటి మట్టిగోడ వైపు చూస్తోంది. దొర దగ్గర వెట్టి ముగించుకొని మొగుడు తడుస్తూ వచ్చాడు.

"గోడ మీద కప్పిన తాటికమ్మలేవయ్యా?"

"పొద్దుగాల నేనే తీస్కపోయిన."

"ఏడికి?"

"నకిరేకల్ల దొర కిరాయికియ్యను కట్టిస్తున్న ఇండ్లకు. ఊరు పెరుగుతాంది, సేట్లు ఇండ్ల కోసం ఎగబడుతున్నరు. ఆ గోడలు కరిగితే మళ్ల వెట్టికి కట్టాల్సింది మనమే గదా."

"మరి మనది?"

"వాన గింత జల్ది వస్తదనుకోలే."

గోడ నుంచి ఒక పెళ్ల జారి బురదలో పడింది. ఎండాకాలమంతా కూలి నుంచి వచ్చి ఆమె కాళ్లతో తొక్కి కలిపిన మన్ను అది.

"ఆ గోడలు నిలిచినయా?"

"నిలిచినయి. చుక్క దిగలే."

"పోనీ తియ్యి. వాన తగ్గినంక గీ మన్నే మళ్ల తొక్కి లేపుదం."





"తెల్లారి బండొస్తది. అక్కడ తొక్కిన మన్ను తక్కువ పడ్డది. మీ ఇంటికాడ ఉన్నది గదరా అన్నడు దొర."

"నువ్వేమన్నవ్?"

"ఉన్నది, నీ బాంచెన్ అన్న."