ఒక్కరి కోసం వచ్చిన పడవ

ఆ మెట్ల కింద గదా? అద్దెకి తీసుకుంటున్నావా? తీసుకోమ్మా, చీకటిగా ఉంటుంది గానీ చల్లగా ఉంటుంది. అందులో ఎవరుండేవాళ్ళంటే... ఇలా కూర్చో, చెప్తాను. ఇస్త్రీ అక్క ఉండేది. నాకు సొంత అక్కేం కాదులే, వీధందరికీ అక్కే. నాకప్పుడు ఎదురుగా సైకిల్ షాపు ఉండేది, ఇప్పుడు మందుల షాపుంది చూడు, అక్కడ. పొద్దున్నే ఆవిడ బొగ్గులు రాజేస్తే పొగంతా నా షాపులోకే. నేను దగ్గేవాణ్ణి. "తమ్ముడూ, నీ దగ్గుతోనే వీధి నిద్రలేస్తోంది, ఆ పుణ్యంలో నాకూ వాటా ఉంది" అనేది. మొగుడు పోయాక ఆ ఇస్త్రీపెట్టె తోసీ తోసీ ఒక్కగానొక్క కొడుకుని చదివించింది. ఆ కొడుకే మంత్రయ్యాడు. అవునమ్మా, ఆ గదిలోంచే. నవ్వుతావేం, నిజం. వాడు మొదటిసారి ఎన్నికల్లో నిలబడ్డప్పుడు ఆవిడే గడప గడపా తిరిగింది. "వాడికి కాదు, నాకు వెయ్యండి" అనేది. ఆవిడకే వేశాం. గెలిచాక బంగళాకి వచ్చెయ్యమని వాడు ఎంత బతిమాలినా కదల్లేదు. "అక్కడ నా చేతులకి పనేముందిరా?" అంది.

ఇంతలో ఆ వరదొచ్చింది. వాన కాదమ్మా, వానైతే మేం తట్టుకునేవాళ్ళం. పైన ఎక్కడో డ్యాము గేట్లు ఎత్తేశారు, మాకు చెప్పిన నాథుడు లేడు. భోజనాలు చేస్తుంటే గుమ్మంలోకి నీళ్ళు. కట్టుబట్టలతో బడి మేడ మీదికి ఎక్కాం అందరం. పిల్లలు కూర్చునే బెంచీలు రెండు జరిపి మా వీధి పాలవాడి తండ్రిని పడుకోబెట్టాం. ముసలాయనకి ఉబ్బసం, తడిసిపోయాడేమో, ఊపిరి తీస్తుంటే కొలిమితిత్తి ఊదినట్టుండేది. పాలవాడి దగ్గర చిన్న రేడియో ఉంది. పెడితే ఎవరి గొంతు వచ్చిందంటావు? అక్క కొడుకుదే. "ముంపు ప్రాంతాల ప్రజలందరినీ సురక్షిత ప్రాంతాలకు తరలించాం, ఆందోళన చెందాల్సిన పనిలేదు." ఆ గొంతు భలే గంభీరంగా ఉంటుందిలే. అక్క తడి కాళ్ళు లోపలికి ముడుచుకుంది. బస్సు కండక్టరు ఒకాయన ఉండేవాడు, నోరు ఊరుకోదు, "అయితే మనం ఎక్కడున్నామో మనకే తెలీదన్నమాట. అందరూ ఒకే తాను ముక్కలు" అని మొదలుపెట్టాడు. ఎవరో మోచేత్తో పొడిచారు, అక్క ఉందని. "ఎందుకాపుతారు? అననివ్వండి. ఓట్లడిగింది నేనే కదా" అంది.

మర్నాడు ఇంజను చప్పుడైంది. పడవ. మేమంతా పిట్టగోడ మీద పడ్డాం, పసిపిల్లలు చేతులూపేస్తున్నారు. పడవలో ఆఫీసరొకడు, చేతిలో గొడుగు. ఒకటే గొడుగు. "మంత్రిగారి అమ్మగారు ఎవరండీ?" అన్నాడు. చూడు, ఇప్పటికీ నాకు చెప్తుంటే తల వంగిపోతోంది, అది నా కొడుకు చేసిన పని కాదు, అయినా. మేం అక్క వైపు చూడకూడదనే అనుకున్నాం, కానీ కళ్ళు అటే పోతాయి కదా. ముందు ఈ ముసలాయన్ని ఎక్కించుకోండి అంది అక్క. పదిమందికి చోటుందమ్మా ఆ పడవలో. ఆఫీసరేమో మీ ఒక్కర్నే తీసుకురమ్మని ఆర్డరు, మిగతావాళ్ళకి వేరే పడవలు బయల్దేరాయి అన్నాడు. అయితే నేను రానని చతికిలబడింది. చివరికి పాలవాడే ఆవిడ ముందు గొంతుక్కూర్చున్నాడు. "అక్కా, నువ్వెళ్ళు. నువ్వెళ్తేనే మాకు పడవొస్తుంది. నీ మాట వాడు కాదంటాడా?" అన్నాడు. దాంతో లేచింది. పొద్దువాలేలోపు పంపిస్తానని చెప్పింది. ఆఫీసరు గొడుగు పట్టబోతే తోసేసింది, తడుస్తూనే వెళ్ళింది.

అక్కడేం జరిగిందో తర్వాత నాతో చెప్పింది. గెస్ట్ హౌస్‌లో పొడి బట్టలిచ్చారట, పరుపిచ్చారట. కిటికీలోంచి చూస్తే పడవలు వరసగా కట్టేసి ఉన్నాయట. అందరికంటే పైన ఉండే పెద్దాయన వరద చూడ్డానికి వస్తున్నాడు, ఆయనకీ ఆయన వెనకాల వాళ్ళకీ అట్టేపెట్టారు. కొడుకు కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. "ఆయన వచ్చి వెళ్ళగానే అన్నీ అటే పంపిస్తానమ్మా, ముందు నువ్వు వేడిగా ఏదైనా తాగు" అన్నాడట. ఆయనేమో మబ్బు తగ్గలేదు, హెలికాప్టరు ఎగరదని రావడం ఆలస్యం చేశాడు. పడవలు మా దగ్గరికొచ్చేసరికి పాలవాడి తండ్రి ఆ బెంచీల మీదే పోయాడు. ఏడవడానిక్కూడా ఓపిక లేదమ్మా ఎవరికీ.

నీళ్ళు తీశాక బురదలో నడిచొచ్చింది అక్క. ఎవరూ పల్లెత్తు మాటనలేదు. పాలవాడి పెళ్ళాం మంచినీళ్ళిచ్చింది, పీట వేసింది. "ఒక్కరైనా తిట్టుంటే బాగుండేది తమ్ముడూ. మర్యాద చేశారు" అంది నాతో. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహం నేను చూడలేకపోయాను.

ఆ తర్వాత మంత్రిగారు పరామర్శకి వేంచేశారు. బళ్ళో టెంటు, మైకు, దుప్పట్ల మూటలు. మేమంతా క్యూలో. అక్క కూడా నిలబడింది, నా ముందే. తన వంతు వచ్చింది. "అమ్మా, నువ్వేంటే ఇక్కడ?" అన్నాడు వాడు, నవ్వుతూనే. ఆవిడ చేతులు జోడించింది.

"మంత్రిగారూ, ఆ రోజు పడవలో పదిమందికి చోటుందండీ. మీరు నా ఒక్కదానికే ఎందుకు పంపించారు?"

కన్నకొడుకుని, అమ్మా. "మీరు" అంది, "అండీ" అంది. మా అమ్మకి నా మీద కోపం అని వాడు చుట్టూ చూశాడు, ఎవరైనా నవ్వుతారేమోనని. కండక్టరు కూడా నవ్వలేదు. "మీ అమ్మగా అడగట్లేదండీ, ఈ వీధి మనిషిగా అడుగుతున్నా" అంది. వాడు దుప్పటి ఆవిడ చేతుల్లో పెట్టబోయాడు. తీసుకోలేదు. వెనక్కి వచ్చేసింది.

వాడు మళ్ళీ గెలిచాడా అంటే, గెలిచాడు. ఏం చెయ్యమంటావు, రెండోవాడు వీడికంటే ఘనుడు. తిట్టుకుంటూనే గుద్దాం, సిగ్గు లేకుండా. అక్క మాత్రం ఈసారి ఏ గడపా తొక్కలేదు. ఇస్త్రీ చేసుకుంటూ కూర్చుంది. వాడొస్తే కుర్చీ వేసేది, "కూర్చోండి" అనేది. కొన్నేళ్ళకి పదవి పోయింది వాడికి, కార్లు పోయాయి, వెనకాల జనం పోయారు. అక్క మంచాన పడ్డప్పుడు ఒక్కడే నడిచొచ్చాడు. నేనక్కడే ఉన్నాను, మందు కలుపుతున్నాను. మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. జుట్టు నెరిసిపోయింది వాడికీ. "ఇప్పుడు నేను మంత్రిని కాదే అమ్మా. ఒక్కసారి ఒరేయ్ అనవే" అన్నాడు. "నిన్ను కాపాడుకోవడం తప్పా?" అన్నాడు. ఆవిడ వాడి తల మీద చెయ్యి వేసింది. నేను హమ్మయ్య అనుకున్నాను.

"కొడుకుగా తప్పేం లేదండీ" అంది.

అండీ అనే అంది. చెయ్యి మాత్రం తియ్యలేదు. వాడు అలాగే...

సరేలే. తాళంచెవి పైన ఇంటివాళ్ళ దగ్గరుంటుంది. ఆ కిటికీ రెక్క ఒకటి సరిగ్గా పడదు, అడ్వాన్సు ఇవ్వకముందే చెప్పి బాగు చేయించుకో.