జతకొక నంబరు

ఆఫీసులో ఆ కంప్యూటరు కుర్చీ నాది కావాల్సింది షాహుల్ మామా. నీ లేబుళ్ల మిషను నువ్వు తిప్పుకో, తిప్పుకుంటానే విను.

నవ్వద్దు. ఎముక విరిగినోళ్లకు మనం చేసే స్టీలు ప్లేట్లకు ఒక్కోరకానికి ఒక్కో నంబరుండాలని కొత్త రూలొస్తాందని ఓనరుకు మొదట చెప్పిందెవురు? నేను. ప్లేటుకొక నంబరు, డబ్బాకొకటి, పెద్ద పెట్టెకొకటి అని కంప్యూటర్లో పట్టిక గీసి చూపించిందెవురు? నేనే కదప్పా. ప్రొద్దుటూర్లో ఇంగెవురికి తెలుసు ఆ సంగతి?

అట్లాంటిది, జమ్మలమడుగు నుంచి ఆ జాహ్నవి వచ్చి వారం కాలేదు, 'డేటా అంతా ఆ పాప చూసుకుంటాది, నువ్వు సాయం చెయ్యి' అంటాడా ఓనరు? ఆమె ఇంగ్లీషు శానా బాగుందంట. నంబర్లకు ఇంగ్లీషెందుకు మామా?

ఆమె టీ తాగుతాంటే ఎదురుగా కూచుంటాడు. నేను పోతే 'తలుపేసి పో' అంటాడు. కుళ్లంటావా? అను. కుళ్లే.

సరే, మిషన్లోంచి వచ్చే ఆ లేబుళ్ల రోలు చూడు. కుడికాలి ప్లేటుకూ ఎడమకాలి ప్లేటుకూ ఒకటే నంబరు. ఎందుకో తెల్సునా? మన బిల్లుల్లో చెప్పుల మాదిరి 'జత' అని రాస్తాం కదా. పులివెందుల డాక్టర్లు గూడా జతే తీస్కపోతారు, కావాల్సింది వాడుకోని రెండోది బీరువాలో పెట్టుకుంటారు. మనకది అలవాటు. ఆ పాప బిల్లు చూసి జతకొక నంబరిచ్చేసింది.

రేపు బెంగుళూర్లో ఏదో ఆసుపత్రోళ్లు ఎడమదొక్కటే అడుగుతారు. ఈడ కుడిది పోతాది. స్కాను కొడితే, నంబరొకటే కదా, ఆడ మిషను సరే అంటాది. ఆపరేషనుకు కాలు కోసినాక డబ్బా తెరిచి చూస్తే వేరే కాలిది.

ఏంది అట్ల చూస్తాండావు? ఎప్పుడు కనిపెట్టినానా? పొద్దన్నే. ఆమె ఫైలు తెరిచి చూసినా.

ఆమెకు చెప్పినానా? చెప్పలేదు. ఇవి అచ్చయి, డబ్బాలకంటించి, ఓనరు కంట్లో పడాలని ఈడొచ్చి కూచున్న్యా. రోలు ఎంత పొడుగైతే ఆమె అంత కిందికి దిగుతాదని లెక్కేస్తాండా.

ఆపేసినావా? మంచిపని చేసినావు. నా చెయ్యి ఆ స్విచ్చు కాడికి పోలేదు.

ఆమెను పిలుస్తావా? పిలువు. తప్పు నువ్వే పట్టినావని చెప్పు మామా, నా పేరెత్తద్దు. నా పేరు చెప్తే ఆ పాప నేరుగా వచ్చి థాంక్స్ చెప్తాది. అది నేను ఓర్చుకోలేను.