కల్తీ లేని నూనె

పిల్లల వార్డు బయట బల్ల మీద అత్తా కోడలు కూర్చుని ఉన్నారు. లోపల ఏడాది పాప నిద్రపోతోంది.

“ఊపిరి బాగా అందుతోందా అమ్మాయ్?”

“అందుతోంది అత్తయ్యా. మూతి వాపు కూడా తీసింది. బాదం పడలేదన్నారు.”

“ఒక్క బిస్కెట్ ముక్కకే? అది బాదం నోట్లో పెట్టుకోవడమే ఇవాళ మొదలు కదా!”

“నోట్లో ఇవాళే. ఒంటికి ఏం రాస్తున్నారని అడిగారు డాక్టరుగారు.”

“బాదం నూనె అని చెప్పకపోయావా? రోజూ నేనే రాస్తున్నానుగా. చర్మం పగిలి, గోక్కుని రక్తం తెచ్చుకునేది పిచ్చిది.”

“చెప్పాను. ఆ పగుళ్లలోంచి లోపలికి పోయి, తినకముందే ఒంటికి పడకుండా అయిపోయి ఉండొచ్చట.”

“కల్తీ లేని నూనె కోసం ఎన్ని కొట్లు తిరిగానమ్మా.”

“తెలుసు.”

“కల్తీదైనా బాగుండేదేమో.”

“ఆ సంచిలో ఏముంది అత్తయ్యా?”

“ఆ సీసానే. ఏసీకి ఒళ్లు ఆరిపోతుందని, లేచాక రాద్దామని తెచ్చాను.”

నర్సు తలుపు తీసి, పాప లేచింది, ఎత్తుకోండి అంది.

“నువ్వెళ్లమ్మా. నేను చేతులు కడుక్కొస్తాను.”

“ఇందాకే కడుక్కున్నారుగా?”

“జిడ్డు పోలేదు.”