మూడో పిల్ల ఏ చర్చికి?

ట్రాన్సిల్వేనియా కొండల్లోని మా ఊళ్ళో మగపిల్లలు తండ్రి చర్చికి, ఆడపిల్లలు తల్లి చర్చికి వెళ్ళడం ఆనవాయితీ. ఒక ఇంట్లో మూడో కాన్పులోనూ ఆడపిల్లే పుట్టింది; పురుడు పోసి, నేను పక్కగదిలో చేతులు కడుక్కుంటున్నాను. క్యాథలిక్ భార్య, తండ్రి ఒక్కడే దేవుడనే యూనిటేరియన్ శాఖకు చెందిన భర్త మాట్లాడుకోవడం వినిపించింది.

“ఏమయ్యా, మొహం అలా పెట్టావు?”

“ఏం లేదులేవే. పిల్ల బంగారంలా ఉంది. కాకపోతే ఇదీ నీ చర్చికే. మీ దేవుళ్ళు ముగ్గురు కదా, తలా ఒకర్ని ఇచ్చారు నీకు.”

“ముగ్గురు కాదు, ఒక్కడే! పన్నెండేళ్ళుగా చెబుతున్నా.”

“ఒక్కడే అయితే తండ్రేంటి, కుమారుడేంటి, పరిశుద్ధాత్మేంటి?”

“నువ్వు మీ అమ్మకి కొడుకువి, పిల్లలకి నాన్నవి, నాకు మొగుడివి. అంతమాత్రాన ఇంట్లో ముగ్గురు మగాళ్ళున్నట్టా?”

“ఆ పోలిక చెప్పినందుకు మీ ఫాదరే నిన్ను తిట్టాడుగా!”

“తిట్టలేదు, దగ్గాడంతే. అసలు నీ బాధేంటో చెప్పు.”

“ఇకనుంచి ఆదివారం మీరు నలుగురూ అక్కడ ఒకరినొకరు తోసుకుంటూ కూర్చుంటారు. మా చర్చిలో నా బల్ల మీద నేనూ, నా టోపీ.”

“ఓస్, ఇంతేనా! మా పూజ తొమ్మిదింటికల్లా అయిపోతుంది. మీది పదింటికి. పిల్లల్ని తీసుకుని వస్తా. ఆడవాళ్ళ వైపు, నీకు ఎదురుగానే కూర్చుంటాం.”

“నువ్వా? మా వాళ్ళు కుమారుణ్ణీ, ఆత్మనీ దేవుడనరే. విని ఊరుకోగలవా?”

“మీరు తండ్రి పేరెత్తండి చాలు. మిగతా ఇద్దర్నీ నేను మనసులో కలుపుకుంటాలే.”