నేను చక్కదిద్దిన పుస్తకం

సభకు వచ్చిన పెద్దలకు, కన్నప్పన్‌తో కలిసి గోడలు కట్టిన మేస్త్రీలకు, సోగత్తూరు నుంచి ఇంటి పని వదిలిపెట్టి వచ్చిన అక్కచెల్లెళ్లకు, ముందు వరసలో కూర్చున్న కన్నప్పన్ భార్య సౌభాగ్యమ్మకు, కూతురు కీర్తికకు నమస్కారం. కన్నప్పన్ పోయి ఇవాళ్టికి పదహారు రోజులు. ఆయన లేడన్న మాట నాకింకా నోట పలకడం లేదు. పలకకపోగా కోపం వస్తోంది. ఎవరి మీద అంటారా? చెప్తాను, వినండి.

ముందు ఈ పటం చూడండి. ఇప్పుడే తెర తీసి దండ వేశాం. స్టూడియో వాళ్లు కన్నప్పన్‌కు నల్లకోటు తొడిగారు. ఆయన జన్మలో కోటు వేసుకున్నాడా? పెళ్లిలో కూడా వేసుకోలేదని సౌభాగ్యమ్మ ఇందాకే చెప్పింది. స్టూడియో వాళ్లను తిడదామని నోటిదాకా వచ్చి ఆగిపోయాను. ఆయన పుస్తకానికి నేను చేసిన పని కూడా అదే.

మన తెలుగు సంఘం అధ్యక్షులు దినకరన్ గారు నా చేతికి ఒక కాగితం ఇచ్చారు. సంతాప తీర్మానం. కన్నప్పన్ నవలను జయప్రకాశ్ సార్ చక్కదిద్దిన రూపంలోనే సంఘం రెండోసారి అచ్చు వేస్తుందని చివరి వాక్యం. ఆ జయప్రకాశ్‌ని నేనే. ఇది చదివాక అనుమతిగా సౌభాగ్యమ్మ చేత సంతకం పెట్టించాలట, నాకు పొన్నాడై శాలువా కప్పుతారట. అయ్యా, నేను చదవను. ఆ శాలువా మడిచి లోపల పెట్టేయండి.

తెలియనివాళ్ల కోసం చెప్పాలి. కన్నప్పన్‌కు తెలుగు చదవడం రాదు. మనలో మాత్రం ఎంతమందికి వచ్చు? చేతులెత్తమంటే నాలుగు లేస్తాయేమో. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, బడిలో తమిళం. అందుకని ఆయన తనకొచ్చిన తమిళ అక్షరాలతోనే మూడు నోటు పుస్తకాల నిండా తెలుగు నవల రాశాడు. దాన్ని తెలుగు అక్షరాల్లోకి ఎత్తి రాయమని నా దగ్గరికి తెచ్చాడు. హోసూరు పక్క బడుల్లో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పినవాణ్ని కదా నేను!

కథ ఎంతో లేదు. పాపిరెడ్డిపట్టిలో కూలి పని చేసే ఒకామెకు తల్లి పోయిందని కబురొస్తుంది. ఆమె ధర్మపురి బస్సు ఎక్కుతుంది. దిగుతుంది. అంతే నవల. మధ్యలో ఉన్నదంతా ఆమె తలలో నడిచేది. తల్లి ముఖం కళ్ల ముందుకొస్తుంది, వెంటనే దోసెలకు నానబెట్టి వచ్చిన బియ్యం గుర్తుకొస్తాయి. టైలరు ఇంకా కుట్టివ్వని జాకెట్టు. చిన్నప్పుడు హొగేనక్కల్‌లో తల్లి కొనిపెట్టిన వేపుడు చేప, ముల్లు గొంతులో దిగినప్పుడు వీపు మీద తల్లి చరిచిన చరుపు. మళ్లీ బియ్యం, పులిసిపోతాయేమోనని. కిటికీ పక్క సీటు దొరికినందుకు సంతోషం, ఆ సంతోషానికి సిగ్గు.

సాహిత్యంలో దీన్ని చైతన్య స్రవంతి అంటారు. మనసులోకి ఏది ఏ వరసలో వస్తే ఆ వరసలోనే, రచయిత మధ్యలో దూరి సర్దకుండా రాయడం. ఆ పేరు చెప్పినప్పుడు కన్నప్పన్ పడీ పడీ నవ్వాడు. "దీనికి పేరు గూడ ఉందా సార్? మా ఇంటోళ్ల జబ్బు అనుకొంటి" అన్నాడు.

ఆయన ఎక్కడా చదివి నేర్చుకోలేదండీ. గోడకు సిమెంటు పూసేటప్పుడు చేయి ఒక దారిన, తల ఇంకో దారిన పోతుందని గమనించాడు. ఏడాది పాటు ప్రతి ఆదివారం పాపిరెడ్డిపట్టి నుంచి బస్సులో ధర్మపురి వచ్చేవాడు. ఒక స్టాపుకూ ఇంకో స్టాపుకూ మధ్య తన తలలోకి ఏమేమి వచ్చాయో, దిగీ దిగగానే టీ కొట్టు దగ్గర నిలబడి వరసగా రాసుకునేవాడు. ఒకసారి మధ్యలో వరస మరిచిపోయానని మళ్లీ వెనక్కి పోయి బస్సెక్కాడు. ఎవరు చేస్తారండీ ఇంత పని? మనం ఆయన్ని పిచ్చివాడన్నాం. అన్నామా లేదా? ఇదే సంఘం సభలో ఆయన రెండు పేజీలు చదివితే, కథ ఎప్పుడు మొదలవుతుందప్పా అని అడిగి నవ్విందెవరు? పేర్లు చెప్పను. నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

నవ్వనిది సౌభాగ్యమ్మ ఒక్కతే. సంతకం తప్ప రాయడం రాని మనిషి. చింతపండు గింజలు తీస్తుంటే ఆయన చదివి వినిపించాడట. ఈమె పని ఆపేసి, "నా తలకాయలోకి ఎప్పుడు దూరినావయ్యా నువ్వు?" అని అడిగిందట. ఏ విమర్శకుడికి తోస్తుందండీ ఆ మాట?

మరి ఇంత చదివిన నేను ఏం చేశాను? తల్లి చచ్చిపోతే కూతురు బియ్యం గురించి ఆలోచిస్తుందా, చదివేవాళ్లు ఛీ అనరా అనుకుని బియ్యం తీసేశాను. జాకెట్టు తీసేశాను. ఆమె జ్ఞాపకాలన్నీ పుట్టుక నుంచి పెళ్లి దాకా ఏడాది వెంట ఏడాది పేర్చాను. పేజీకి ఒకసారి ఆమెను ఏడిపించాను. మన ఇంటి మాటలు కొట్టేసి నా బడి మాటలు పెట్టాను. మన తెలుగు వింటే అవతలివాళ్లు నవ్వుతారని మనకొక భయం ఉంది చూశారూ, ఆ భయం ఆయనకు లేదు. నాకుంది. ఆయనకు ఒక్క ముక్క చెప్పకుండా ఇదంతా చేశాను. చదవలేడు కదా, పట్టుకునేదెవరు? పైగా మేలు చేస్తున్నాననుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

అచ్చయి వచ్చిన పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుని వాసన చూశాడు. చదవండి సార్ అన్నాడు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. రెండో పేజీ దాటాక చేయి అడ్డం పెట్టాడు. "బాగుంది సార్. ఇది ఎవరు రాసినారు?" అన్నాడు. వెటకారం కాదండీ, నిజంగానే అడిగాడు! నేను పుస్తకం మూసి కింద పెట్టాను. అప్పుడు ఆయనకే అర్థమైంది. "గోడకైతే ఇటుక మీద ఇటుక పెట్టాల సార్. మనసును అట్ల పెడితే లోపల మనిషి ఉండదు" అని, నాకు టీ తెమ్మని లోపలికి కేకేశాడు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది! ఆ తర్వాత మూడేళ్లు బతికాడు. ఒక్క వాక్యం రాయలేదు. ఒక్క వాక్యం! ఆ మూడేళ్లూ నేను మాత్రం ఆ పుస్తకం పేరు చెప్పుకుని సభలకు వెళ్లాను, మెప్పులు పొందాను.

ఆ రోజు కీర్తిక ఫోన్ చేసి "నాయన పోయినాడు సార్" అంది. నా తలలోకి మొదట ఏమొచ్చిందో తెలుసా? పొయ్యి మీద పాలు. అవును, పాలు. పోయి పాలు దించి, అప్పుడు వచ్చి కూలబడి ఏడ్చాను. ఆయన రాసింది నిజమని ఈ తెలుగు పంతులుకు తెలియడానికి ఆయనే చావాల్సి వచ్చింది.

దినకరన్ గారూ, నా మీద కోపగించుకోకండి. మీరు ఆ తీర్మానం మంచికే రాశారు. నేనూ అప్పట్లో అంతా మంచికే చేశాను, అదే కదా మన తంటా! ఆ మూడు నోటు పుస్తకాలు కీర్తిక దగ్గర భద్రంగా ఉన్నాయి. అచ్చు వేసేదేదో వాటిని వేయండి. ఆయన అక్షరాల్లో, ఆయన వరసలో, ఒక్క మాట కదపకుండా. ఆ అక్షరాలు చదవగలిగి ఆ తెలుగు అర్థమయ్యేవాళ్లు ఇంకెక్కడా దొరకరు, ఈ హాల్లోనే ఉన్నారు. నేను దిద్దిన పుస్తకాన్ని మన ఊళ్లో నలుగురు చదివారు. మీ ఇళ్లల్లో ఆడపిల్లలు, రోజూ ఆ బస్సులోనే పనికి పోయేవాళ్లు, దాన్ని తెరవనైనా తెరవలేకపోయారు. ఆయన రాసింది వాళ్ల కోసం కాదా?

సౌభాగ్యమ్మా, మీ సంతకం నేను అడగను. ఆ నోటు పుస్తకాలు ఎవరి చేతికివ్వాలో మీరూ కీర్తికా తేల్చుకోండి. నా చేతికి మాత్రం ఇవ్వకండి.

ఇక అందరం లేచి రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. కన్నప్పన్ గొప్పవాడు, గొప్పవాడు అనుకోవాలని ఎవరూ మనసును బలవంతపెట్టొద్దు. మోకాలి నొప్పి గుర్తొస్తే రానివ్వండి. వాకిట్లో ఆరేసిన బట్టలు గుర్తొస్తే రానివ్వండి. సిగ్గుపడకండి, దేన్నీ సర్దకండి. మధ్యలో ఎక్కడో ఒకచోట ఆయన తగులుతాడు. లేవండి.