గడప మీద మాచిపత్రి మూట

నవ్వకు చెల్లీ, ఒళ్ళు మండిపోతోంది. దుమ్మమ్మా, ఇది ఉత్త దుమ్ము! పొద్దుటినుంచీ మూడుసార్లు మన కుట్టుకొట్లో కాలు పెట్టబోయాను, మూడుసార్లూ తుమ్మాను. మనిషన్నాక తుమ్మదా?

అవును, ఆ మూట నేనే కట్టాను. మాచిపత్రి, సదాపాకు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, గుమ్మానికి నడిమధ్యన, గడప మీదికి వేలాడేలా. పాతపుస్తకాల బండి మీద కొన్న పుస్తకంలో ఉంది. చదవకుండా నేను ఏ పనీ చెయ్యనని నీకు తెలుసుగా! చేతబడి చేసేవాళ్ళని ఆకులే పట్టిస్తాయట. మనసులో కుళ్ళు పెట్టుకుని గడప దాటితే తుమ్ము ఆగదట.

ఎవరికోసమా? నీకోసమే, ఇంకెవరికోసం! లేకపోతే ఏమిటీ, నా మిషన్ మీద రోజుకి మూడు సూదులు విరుగుతాయా, నీది వెన్నలా నడుస్తుందా? ఆస్పత్రి నర్సమ్మ నా తలమీదుగా తొంగిచూసి "చిన్నావిడ లేదా?" అంటుందా? ఏమీ చెయ్యకుండానే జరుగుతాయా ఇవన్నీ?

పైగా మన అత్తగారి ముందు నోరుజారాను. "ఎవరు తుమ్మితే వాళ్ళు మిషన్ ఎత్తుకుని కొట్లోంచి పోవాలి" అన్నాను. ఆవిడ వెంటనే "సరే" అన్నారు. పెళ్ళైన నాటినుంచీ నా మాటకి సరే అనని మనిషి! అప్పుడే అనుమానం రావద్దూ నాకు?

నువ్వొచ్చావు, తుమ్మలేదు. ఆవిడొచ్చారు... ఒక్కరి మంచి కోరి ఎరగని ఆవిడ... తుమ్మలేదు! పిల్లి కూడా వచ్చి, మూట కేసి ఓసారి చూసి, నీ గుడ్డల మీద పడుకుంది. నేను కాలుపెట్టాను. మొదటిసారికే ఏడు తుమ్ములు. లెక్కపెట్టింది నువ్వే!

ఇప్పుడు ఆవిడ నా మిషన్ ఎక్కించడానికి తోపుడుబండి తేవడానికెళ్ళారు. పదిహేడేళ్ళు తొక్కిన మిషన్, చెల్లీ. ఆవిడ తిరిగొచ్చేలోపు నేను తుమ్మకుండా లోపలికి రావాలి.

మూట తీసెయ్యమంటావా? తీస్తే ఓడిపోయినట్టు కాదూ? చదువుకున్నదాన్ని, నాకూ పరువుంది.

ఆ పుస్తకంలో విరుగుడు కూడా రాశాడులే. కుళ్ళు పైకి చెప్పేస్తే తుమ్ము పోతుందట. విను మరి, రెండోసారి చెప్పను.

నీ కత్తెర పోయిందని మూడువారాలు వెతికావే... అది మా బియ్యం డబ్బాలో ఉంది. నీ మిషన్ బాగా నడిచేది రోజూ నూనె వేస్తావు కాబట్టి. నేను వెయ్యను. నిన్ను చూసి నేర్చుకున్నట్టుంటుందని వెయ్యను. చాలా?

కళ్ళు తుడుచుకోకు, అదొకటి చూడలేను. జరుగు, వస్తున్నా. ఇదిగో, కుడికాలు...

హా... హా... హాఛ్!

ఉండు. నర్సమ్మ గౌను చంకదగ్గర బిగుసుకుపోయిందని తిరిగొచ్చింది కదూ? నువ్వు రాసిన కొలత దిద్ది తగ్గించింది నేనే. అయినా నిన్నే అడుగుతోంది, దిక్కుమాలినది!

ఆ స్టూలు ఇటు తొయ్యి. నువ్వూ కూర్చో. ఇంకా చాలా ఉన్నాయి.