సంతకానికి ముందే

సభకు విచ్చేసిన పెద్దలారా, బంధువులారా, మా తమ్ముడితో కలిసి లిఫ్టులు బాగుచేసిన మిత్రులారా, నమస్కారం. ఇంతమంది వచ్చారు. వాడుంటే మురిసిపోయేవాడు, నా ఉపన్యాసం అనగానే మెల్లగా జారుకునేవాడు.

బాగుచేసిన లిఫ్టులో ముందు తానొక్కడే మూడుసార్లు పైకీ కిందికీ తిరిగేవాడు. కింద జనం ఎంత విసుక్కున్నా సరే, "నేను క్షేమంగా దిగితే మీరెక్కండి" అనేవాడు. ఒకసారి "లిఫ్టు పనిచేయదు, మెట్లు పనిచేస్తాయి" అని అట్ట మీద రాసి తగిలించాడు. మెట్లు పనిచేయడమేమిట్రా, వాక్యం సరిగా రాయమన్నాను. "ఎక్కి చూడన్నయ్యా, పనిచేస్తాయో లేదో!" అన్నాడు. ఐదంతస్తులు ఎక్కాను. పనిచేశాయి.

అలాంటివాడికి మెదడులో రక్తనాళం చిట్లింది. మూడోనాడు డాక్టరు, మెదడు మరణించిందన్నారు. నేను నమ్మలేదు. ఒళ్లు వెచ్చగా ఉంది, గుండె కొట్టుకుంటోంది, ఛాతీ లేస్తోంది, మరణమెక్కడ? ఇది కోమా కాదా? కాదట. కోమాలో మెదడు బతికే ఉంటుంది. ఇక్కడ మెదడంతా, ఊపిరి తీయించే భాగంతో సహా, ఇక తిరిగిరాకుండా ఆగిపోయింది. ఆ ఊపిరి యంత్రానిది. చూపించమన్నాను. చూపించారు. సన్నని గొట్టంతో ఆక్సిజన్ అందిస్తూ, వెంటిలేటర్ తప్పించి, పది నిమిషాలు ఆగారు. మావాడి ఛాతీ కదలలేదు. కొన్ని గంటలకు మరో డాక్టరు వచ్చి పరీక్షలన్నీ మళ్లీ చేశారు. అప్పుడూ కదలలేదు. అవయవాలు అమర్చే వైద్యులెవరూ ఆ గదిలో అడుగుపెట్టలేదు. అది నియమమట, న్యాయమైన నియమం.

ఆ తర్వాతే అవయవదానం సంగతి అడిగారు. పెద్దవాణ్ణి కదా అని కలం అందుకున్నాను. మా మరదలు, "బావగారూ, అడగవలసింది నన్ను" అంది. సిగ్గుపడ్డాను. ఆమె డాక్టరును అడిగింది: "నేను వద్దంటే ఆయన బతుకుతారా?" "లేదమ్మా. మీరు ఔనన్నా కాదన్నా ఆయన మరణించారు. వద్దంటే యంత్రం తీసేస్తాం, అంతే." అప్పుడామె, "పనికొచ్చే పార్టు పారేస్తే ఊరుకునేవారు కాదు. తనవీ ఇచ్చెయ్యమని నాతో ఎన్నోసార్లు అన్నారు. తీసుకోండి" అని సంతకం చేసింది.

"వెచ్చగా ఉన్న మనిషిని సంతకం పెట్టి చంపేసింది" అన్న మాట నా చెవిన పడింది. అన్నదెవరో తెలుసు, చెప్పను. నలభై ఏళ్లు బడిలో తప్పులు దిద్దినవాణ్ణి, ఇదీ దిద్దుతున్నాను. మరణం ముందు, సంతకం తర్వాత. ఇంకా సందేహముంటే నన్నడగండి, ఆమెను కాదు.

దుఃఖం లేదనను. కానీ తృప్తే ఎక్కువగా ఉంది. వాడి అవయవాలు అందుకున్న ముగ్గురు తేరుకుంటున్నారట. వారెవరో మాకు తెలియదు, తెలియనక్కరలేదు.

ఇప్పుడు దయచేసి అందరూ లేచి, ఒక్క నిమిషం మౌనంగా నిలబడండి. అమ్మా మరదలా, నువ్వు మాత్రం కూర్చో. ఆ పది నిమిషాలూ, రెండుసార్లూ, నువ్వు మంచం పక్కన నిలబడే ఉన్నావు.